గాయపడిన కుక్కకు ఇంట్లో ఫిజియోథెరపీ: కట్టు కట్టిన రోజు నుంచి గొలుసు విప్పే రోజు వరకు

ఆపరేషన్ చేయించి, లేదా కాలికి కట్టు కట్టించి కుక్కను ఇంటికి తెచ్చుకున్న మొదటి రోజుల్లో ఇంటిల్లిపాదికీ భయమే. దాన్ని ఎత్తాలన్నా, కాస్త పక్కకు జరపాలన్నా చేతులు రావు. రెండు మూడు వారాలు గడిచి అది తోక ఊపుతూ గుమ్మం వైపు లాక్కుపోవడం మొదలుపెట్టేసరికి ఆ భయం ఎగిరిపోతుంది. అసలు జాగ్రత్త పడవలసింది ఆ దశలోనే. నొప్పి తగ్గడానికి చాలాసార్లు రెండు మూడు వారాలు సరిపోతాయి కాని, ఎదిగిన కుక్కలో విరిగిన ఎముక గట్టిపడడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలు పడుతుంది. పిల్లకూనలలో ఇంతకన్నా చాలా త్వరగా అతుక్కుంటుంది, ముసలి కుక్కలలో ఇంకా ఆలస్యం కావచ్చు. మధ్యలో మిగిలే ఆ ఐదు నుంచి పది వారాలలో కుక్క తన కాలు బాగైపోయిందనే అనుకుంటుంది, లోపల ఎముక మాత్రం ఇంకా సిద్ధపడి ఉండదు. ఇంట్లో చేయించే ఫిజియోథెరపీ అంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది: కాలును వాడించకపోతే కండ కరిగిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది, కుక్క ఇష్టానికి వదిలేస్తే చేసిన వైద్యం చెడిపోతుంది.

మొదలుపెట్టే ముందు అడిగి తెలుసుకోవలసినవి

ఏ వ్యాయామమైనా గాయం ఏమిటో కచ్చితంగా తెలిశాకే మొదలుపెట్టాలి. కుంటుతున్న కుక్కలన్నిటికీ ఒకే వైద్యం కుదరదు. తొడ ఎముక విరిగి ప్లేటు వేయించుకున్న కుక్కకు కీళ్ళు కదపడం త్వరగా మొదలుపెట్టాలి. వెన్నులో డిస్కు జారి, ఆపరేషన్ లేకుండా మందులతో నెట్టుకొస్తున్న కుక్కకు కనీసం నాలుగు వారాల పాటు గట్టి విశ్రాంతే వైద్యం, దానికి నడక వ్యాయామాలు తొందరపడి మొదలుపెడితే ఉన్న కాస్త బలం కూడా పోయే ప్రమాదం ఉంది. కనుక పశువైద్యుణ్ణి స్పష్టంగా నాలుగు మాటలు అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది: గాయపడిన కాలి మీద బరువు మోపనివ్వవచ్చా, ఏ కీలును ఏ దిశలో కదపకూడదు, నొప్పి మందు ఏ వేళకు ఎన్ని రోజులు వేయాలి, తిరిగి ఎక్స్‌రే ఎప్పుడు తీయాలి.

నొప్పి మందు విషయంలో ఇంకో మాట. మనుషులు వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ వంటివి ఇంట్లో ఉన్నాయి కదా అని సొంతంగా వేయకూడదు. వీటివల్ల కుక్కకు పొట్టలో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినవచ్చు. వైద్యుడు ఇచ్చిన మందును మాత్రం వేళ తప్పకుండా వేయాలి. నొప్పితో ఉన్న కుక్క కాలు ఎత్తిపెట్టుకునే ఉంటుంది కనుక దానిచేత ఏ వ్యాయామమూ సరిగ్గా చేయించలేము. మందు వేసిన గంటా గంటన్నర తరువాత వ్యాయామానికి కూర్చుంటే పని సులువవుతుంది.

ఉండే చోటు

కుక్క నిలబడి, తిరిగి, కాళ్ళు చాపుకుని పడుకోగలిగేంత చోటు చాలు. అంతకంటే పెద్దదైతే అందులోనే గెంతులు మొదలవుతాయి. బోను అలవాటు లేని కుక్కకు గదిలో ఒక మూలను అడ్డుకట్టి ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది నేల. నున్నటి గచ్చు మీద, టైల్స్ మీద మంచి కాళ్ళున్న కుక్కే జారుతుంది. ఒక కాలు సరిగ్గా లేని కుక్క జారినప్పుడు రెండో కాలు కూడా బెసుకుతుంది. అది నడిచే దారి పొడుగునా రబ్బరు చాపలో, యోగా మ్యాట్లో పరచాలి, అవి కూడా కింద జారనివై ఉండాలి. పంజా మెత్తల మధ్య పెరిగిన బొచ్చును కత్తిరించి, గోళ్ళు తీసి ఉంచితే పట్టు చాలా మెరుగుపడుతుంది. మెట్లకూ, మంచానికీ, సోఫాకూ దారి మూసేయాలి. కుట్లు నాకకుండా మెడకు వేసే ప్లాస్టిక్ గొట్టాన్ని, జాలిపడి రాత్రిళ్ళు తీసేయకూడదు. కుట్లు ఊడేది చాలామటుకు ఎవరూ చూడని ఆ వేళల్లోనే.

మొదటి మూడు రోజులు: చల్లదనం, కట్టు

మొదటి 48 నుంచి 72 గంటలు వాపు తగ్గించడమే పని. ఐస్ ప్యాకును పలుచని తడి గుడ్డలో చుట్టి గాయం ఉన్న చోట 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. ఐస్‌ను నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు, మధ్య మధ్య గుడ్డ ఎత్తి చర్మం రంగు చూస్తుండాలి. స్పర్శ పోయిన కాలి మీద వేడీ వద్దు, చల్లదనమూ వద్దు. కాలుతున్నా కుక్క చెప్పలేదు. వాపు పూర్తిగా దిగాక మాత్రమే వేడి కాపడానికి మారాలి. గోరువెచ్చని తడి తువ్వాలును ముందు మన ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకుని, వ్యాయామానికి ముందు పది నిమిషాలు పెడితే బిగుసుకున్న కండ వదులవుతుంది. చీము పట్టిన చోట, వాపు ఉన్న చోట కాపడం పెట్టకూడదు.

కాలికి కట్టు ఉంటే రోజుకు రెండుసార్లు దాని చివర చూడాలి. మంచి కట్టులో మధ్యనున్న రెండు వేళ్ళ కొసలు బయటకు కనిపిస్తాయి. ఆ రెండు గోళ్ళూ మామూలుగా పక్కపక్కనే ఉంటాయి; కట్టు బిగువై పంజా లోపల వాస్తుంటే అవి ఒకదానికొకటి దూరంగా విచ్చుకుంటాయి. వేళ్ళు చల్లగా తగిలినా, కట్టు నుంచి వాసన వచ్చినా, లోపల తడిసినా తెల్లవారేదాకా ఆగవద్దు, అదే రోజు విప్పించి మళ్ళీ కట్టించాలి. బయటికి తీసుకువెళ్ళేటప్పుడు కట్టుకు ప్లాస్టిక్ సంచి తొడిగినా, లోపలికి రాగానే తీసేయాలి. సంచిలో చెమ్మ పట్టి చర్మం నానుతుంది.

చేతులతో చేయించేది: రుద్దడం, కీలు ముడిచి చాపడం

కుక్కను గాయం లేని వైపు మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి, గాయపడిన కాలు పైకి వచ్చేలా చూసుకోవాలి. రెండు వెనక కాళ్ళ మధ్య చిన్న దిండు పెడితే పైకాలు నేలకు సమాంతరంగా నిలుస్తుంది, తొడ మీద లాగుడు ఉండదు. ఎంత సాధువైన కుక్కైనా నొప్పి కలిగితే కరుస్తుంది కనుక మొదటి రెండు మూడు రోజులు ఇంకొకరు తల దగ్గర కూర్చోవాలి, అవసరమైతే మూతికి బుట్ట తొడగాలి.

ముందు ఐదు నిమిషాలు రుద్దాలి. అరచేయి మొత్తం ఆనించి, పంజా వైపు నుంచి గుండె వైపుకు నెమ్మదిగా నిమరాలి. పంజాలో నిలిచిన నీరు పైకి కదలడానికి ఇది తోడ్పడుతుంది. కుట్ల మీదుగా వెళ్ళకుండా వాటి చుట్టూ తిరిగి రావాలి. తరువాత తొడ కండను వేళ్ళ మధ్య పట్టి పిండిని పిసికినట్టు మెల్లగా పిసకాలి. మూడు కాళ్ళ మీద నడిచే కుక్కకు మంచి కాళ్ళ జబ్బలూ, నడుమూ గట్టిపడి ఉంటాయి, వాటిని కూడా రుద్దడం మరిచిపోకూడదు. అది కళ్ళు అరమూసి ఊపిరి వదిలిందంటే కీళ్ళ పని మొదలుపెట్టవచ్చు.

మోకాలిని ఉదాహరణగా చెబుతాను. ఒక చేత్తో మోకాలికి పైన తొడను, ఇంకో చేత్తో మోకాలికి కింద పిక్కను పట్టుకోవాలి. పట్టు కీలుకు దగ్గరగా ఉండాలి, పంజా పట్టుకుని లాగితే కీలు మీద ఒత్తిడి ఎక్కువవుతుంది. తొడను కదలనివ్వకుండా పిక్కను నెమ్మదిగా ముడవాలి. ఒక చోటికి వచ్చేసరికి చేతికి చిన్న అడ్డు తగులుతుంది, లేదా కుక్క కండ బిగిస్తుంది, లేదా తల తిప్పి మన చేతి వైపు చూస్తుంది. అక్కడే ఆగి, రెండు మూడు క్షణాలు ఉంచి, అంతే నెమ్మదిగా చాపాలి. ఇలా 10 నుంచి 15 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు చేయాలి. మంచి మోకాలు ముడిచినప్పుడు సుమారు 40 డిగ్రీల వరకు, చాపినప్పుడు సుమారు 160 డిగ్రీల వరకు వెళుతుంది. మన కుక్కకు ఎంత వెళ్ళాలో తెలియకపోతే రెండో కాలి మోకాలిని కదిపి చూస్తే సరి. తరువాత మడమ, తుంటి, చివరికి ఒక్కొక్క వేలు. పెదవులు నాకడం, చెవులు వెనక్కి వాల్చడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా చూడడం, ఊరికే ఆవలించడం ఇవన్నీ అరవకుండా చెప్పే నొప్పులే. అరిచేదాకా తీసుకువెళ్ళామంటే అప్పటికే హద్దు దాటామన్నమాట.

ఈ పనిని ఎవరూ వాయిదా వేయకూడని సందర్భం ఒకటుంది. తొడ ఎముక మోకాలి దగ్గర విరిగిన కూనలలో తొడ ముందువైపు కండ ఎముకకు అంటుకుపోయి, మోకాలు చాపినది చాపినట్టే బిగుసుకుపోవచ్చు. ఒకసారి అలా బిగిసిందంటే తిరిగి ముడవడం చాలా కష్టం. అందువల్ల అలాంటి కూనలకు, వైద్యుడు అనుమతించిన వెంటనే, రోజుల లెక్కలో మోకాలు ముడిపించడం మొదలుపెట్టాలి.

లేవలేని కుక్క

వెన్నుకు దెబ్బ తగిలి వెనక భాగం పడిపోయిన కుక్కకు వ్యాయామం కన్నా ముందు సేవ కావాలి. పగలైనా రాత్రైనా నాలుగు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. తుంటి ఎముక, జబ్బ, మోచేయి నేలకు ఆనే చోట్ల చర్మం ఎర్రబడిందేమో రోజూ బొచ్చు తీసి చూడాలి. మూత్రం తడి తగిలిన చోట్ల కడిగి ఆరబెట్టాలి. మూత్రం తనంతట తాను పోసుకోలేని కుక్కకు పొట్టను నొక్కి మూత్రం తీయడం పశువైద్యుడి దగ్గర చేత్తో చేసి నేర్చుకోవలసిన పని, చదివి చేసేది కాదు. నేర్చుకున్నాక మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలకు ఒకసారి తప్పనిసరిగా చేయాలి. పరుపు మీద మూత్రం కారుతున్నంత మాత్రాన సంచి ఖాళీ అవుతోందని అనుకోవద్దు, నిండి పొర్లుతున్నా అలాగే కారుతుంది.

నిలబెట్టడానికి పొడవాటి తువ్వాలు ఒకటి చాలు. దాన్ని వెనక కాళ్ళకు కాస్త ముందు పొట్ట కింది నుంచి పోనిచ్చి రెండు కొసలూ పైన పట్టుకోవాలి. మగ కుక్క అయితే మూత్రానికి అడ్డం రాకుండా తువ్వాలును సన్నగా మడవాలి. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, కుక్కను పంజాలు గాలిలో వేలాడేంత ఎత్తేయడం. ఎత్తవలసింది అది కూలిపోకుండా ఉండేంత మాత్రమే, మిగిలిన బరువు కాళ్ళే మోయాలి. పంజా వెనక్కి మడతపడి దాని పైభాగం నేలకు తగులుతుంటే చేత్తో తిప్పి సరిగ్గా పెట్టాలి. వైద్యుడు సరేనన్నాక, రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు ఇలా నిలబెట్టడంతో మొదలుపెట్టవచ్చు. వేలు గిల్లితే కాలు వెనక్కి లాక్కుంది కదా అని సంబరపడడానికి లేదు. అది వెన్నుపాము తనంతట తాను చేసే పని కావచ్చు. తల తిప్పి చూసిందా, అరిచిందా అన్నదే స్పర్శకు గుర్తు.

నడక: ఎంత నెమ్మదైతే అంత మంచిది

ఇంటి వైద్యంలో అన్నిటికన్నా విలువైనది నెమ్మది నడక, అన్నిటికన్నా తక్కువగా చూసేదీ అదే. కుక్క తన బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీద, 40 శాతం వెనక కాళ్ళ మీద మోస్తుంది. వెనక కాలు నొప్పిగా ఉంటే దాన్ని ఎత్తిపెట్టి మూడు కాళ్ళతో చక్కగా పరుగెత్తగలదు, వేగం పెరిగేకొద్దీ ఆ ఎత్తు ఇంకా సులువు. అందుకే పొట్టి గొలుసుతో పక్కనే ఉంచుకుని, ప్రతి అడుగులోనూ నాలుగు పంజాలు నేలను తాకేంత నిదానంగా నడిపించాలి. మనకు విసుగు పుట్టేంత నెమ్మదిగా ఉంటే అదే సరైన వేగం.

మోకాలి లిగమెంట్‌కు ఆపరేషన్ అయిన కుక్కకు, వైద్యుడు వేరుగా చెప్పకపోతే, ఈ క్రమం పనికొస్తుంది. మొదటి రెండు వారాలు మలమూత్రాల కోసం మాత్రమే, రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలకు మించకుండా. మూడో వారం నుంచి వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ పోతే ఎనిమిదో వారానికి ఒక్కో నడక అరగంట దగ్గరకు వస్తుంది. పెంచేటప్పుడు సమయమో, దారి ఎగుడుదిగుడో, ఏదో ఒకటే పెంచాలి. రెండూ ఒకేసారి పెంచి మర్నాడు కుంటితే దేనివల్లో తెలియదు.

ముందు కాలి కుంటును తల పట్టి చూపిస్తుంది. నొప్పి కాలు నేలకు ఆనేటప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనేటప్పుడు కిందికి దిగుతుంది. వెనక కాలైతే వెనక నుంచి చూడాలి, నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగిరిపడుతుంది. చూపుకు అందనిది చెవికి అందుతుంది: గచ్చు మీద నడిపిస్తే మంచి కాళ్ళ అడుగులు ఒకే తాళంలో పడతాయి, బలం లేని కాలి గోరు మాత్రం నేలను రాసుకుంటూ సన్నగా గీరిన చప్పుడు చేస్తుంది. ఆ పంజా తిప్పి చూస్తే మధ్య వేళ్ళ గోళ్ళు పైవైపు అరిగి ఉంటాయి. అలాంటి కుక్కకు బయట తిప్పేటప్పుడు పంజాకు తొడుగు వేయాలి, లేకపోతే గోరు అరిగి రక్తం వస్తుంది.

బలం పెంచే వ్యాయామాలు

కాలి మీద ప్రతి అడుగులోనూ బరువు మోపడం మొదలయ్యాకే ఇవి. మొట్టమొదట, నిలబడి ఉన్న కుక్క తుంటి మీద చేయి వేసి గాయపడిన కాలి వైపుకు కాస్త నెట్టి రెండు క్షణాలు ఉంచి వదలాలి, అది పడిపోకుండా నిలదొక్కుకోవడానికి చేసే ప్రయత్నమే వ్యాయామం. తరువాతది కూర్చోబెట్టి లేపడం. కుక్క కాలు పక్కకు చాపి వాలుగా కూర్చుంటే ప్రయోజనం లేదు. గాయపడిన కాలి వైపును గోడకు ఆనించి కూర్చోబెడితే రెండు మోకాళ్ళూ సమానంగా ముడుస్తుంది. ఇష్టమైన తినుబండారం ముక్కు ముందు పట్టి, నేరుగా ముందుకు లేచేలా చేయాలి. ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి, తరువాత రోజుకు రెండు విడతలకు పెంచవచ్చు.

చీపురు కర్రలు నాలుగైదు, కుక్క ఒంటి పొడవంత ఎడంతో నేల మీద వరుసగా పేర్చి, వాటిని దాటిస్తూ నెమ్మదిగా నడిపించడం చాలా మంచి వ్యాయామం. ప్రతి కాలునూ ఎత్తి, కీళ్ళు ముడిచి, చూసి పెట్టవలసి వస్తుంది. మొదటి వారం కర్రలు నేల మీదే ఉండాలి, తరువాత రెండు మూడు అంగుళాలు ఎత్తవచ్చు, గెంతేంత ఎత్తు ఎప్పుడూ వద్దు. చిన్న వాలు దారిలో పైకి నడిపిస్తే వెనక కాళ్ళకు పని పెరుగుతుంది. అంకె ఎనిమిది ఆకారంలో తిప్పితే రెండు వైపులా బరువు మార్చుకోవడం వస్తుంది.

నీళ్ళలో నడక గురించి అందరూ అడుగుతారు. తుంటి దాకా నీళ్ళు ఉంటే కాళ్ళ మీద పడే బరువు ఒంటి బరువులో సుమారు 38 శాతానికి దిగుతుంది, కీళ్ళ నొప్పి ఉన్న కుక్కకు అది గొప్ప సాయమే. కాని కుట్లు తీసి, సాధారణంగా అది 10 నుంచి 14 రోజులకు, గాయం పూర్తిగా మూసుకున్నాకే నీళ్ళలో దించాలి. లైఫ్ జాకెట్ తొడిగి, పొట్ట కింద చేయి ఉంచి, మనమూ నీళ్ళలోనే నిలబడాలి. బెదిరి కాళ్ళు కొట్టుకునే కుక్కకు ఈత మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

మర్నాటి ఉదయమే కొలత

ఈ పద్ధతి నాకు తప్పు చేశాకే ఒంటబట్టింది. తొడ ఎముక విరిగిన మా కుక్క ఐదో వారంలో ఎంతో హుషారుగా ఉందని గొలుసు విప్పాను. కాలింగ్ బెల్ మోగింది, అది దివాన్ మీదికి గెంతి అక్కడి నుంచి తలుపు వైపుకు దూకింది. ఆ సాయంత్రం ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున లేచినప్పుడు కాలు నేల మీద పెట్టలేదు. ప్లేటు కదలలేదని ఎక్స్‌రేలో తేలింది కాని, రెండు వారాల వ్యాయామం వెనక్కి పోయింది. వ్యాయామం చేస్తున్నప్పటి ఉత్సాహాన్ని బట్టి అందుకే ఏదీ తేల్చకూడదు. మర్నాడు నిద్ర లేచిన మొదటి పది అడుగులు చూడాలి. నిన్నటికన్నా కుంటు ఎక్కువగా ఉంటే ఆ రోజు విశ్రాంతి ఇచ్చి, తరువాత నిన్నటి పనిలో సగంతో మొదలుపెట్టాలి. మార్పు లేకపోతే అదే పని ఇంకో రెండు రోజులు. మెరుగ్గా ఉంటేనే పెంచాలి.

ఒక నోటు పుస్తకంలో నడిచిన నిమిషాలు, వ్యాయామాల లెక్క, మర్నాటి నడక మూడూ రాసుకోవాలి. వారానికి ఒకసారి టేపుతో రెండు తొడల చుట్టుకొలత తీయాలి. ప్రతిసారీ ఒకే మనిషి, కుక్కను ఒకే భంగిమలో ఉంచి, బొచ్చు మీద పెట్టుకున్న ఒకే గుర్తు దగ్గర, టేపును బిగించకుండా. నడక బాగుపడిన చాలా రోజుల దాకా ఆ తొడ సన్నగానే ఉంటుంది, దానికి కంగారు పడనక్కరలేదు, తేడా తగ్గుతూ వస్తే చాలు.

తిండిని కూడా ఆ పుస్తకంలోనే రాయాలి. పరుగులు లేని కుక్కకు మునుపటంత తిండి పెడితే, పైగా వ్యాయామానికి లంచంగా ఇచ్చే ముక్కలు కలిపితే, నెల తిరిగేసరికి బరువెక్కుతుంది. కీళ్ళ అరుగుదల ఉన్న స్థూలకాయపు కుక్కలలో ఒంటి బరువు ఆరు శాతం పైచిలుకు తగ్గగానే కుంటు తగ్గడం కనిపించింది. 30 కిలోల కుక్కకు అది రెండు కిలోల లోపే. వేళ్ళతో తడిమితే పక్కటెముకలు తేలికగా చేతికి అందాలి.

వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళవలసిన వేళలు

నిన్నటిదాకా మోపిన కాలును హఠాత్తుగా ఎత్తేయడం, ఎముక చోట కొత్త వాపు లేదా వంకర, కుట్ల దగ్గర చీము, 12 గంటలు గడిచినా మూత్రం రాకపోవడం, వెనక కాళ్ళలో బలం గంట గంటకూ తగ్గడం, నొప్పి మందు వాడుతుండగా వాంతులు, నల్లటి విరేచనం: వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి ఆ రోజే చూపించాలి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్; విశ్రాంతిగా ఉన్నప్పుడు 39.5 దాటితే జ్వరమే.

గొలుసు విప్పడం

ఎముక అతికిందని చివరి ఎక్స్‌రేలో తేలి, అరగంట నడిచినా మర్నాడు కుంటు లేనప్పుడు, ముందు పొడవాటి తాడుతో ఐదు పది నిమిషాలు దాని ఇష్టానికి తిరగనివ్వాలి. మరో వారం తరువాత కంచె ఉన్న చోట తాడు లేకుండా, అదీ కాసేపు గొలుసుతో నడిపించి ఒళ్ళు వేడెక్కాక. వేరే కుక్కలతో ఆట ఆ తరువాత. బంతి విసరడం, మెట్లు పరుగున దిగడం, సోఫా మీదికి గెంతడం అన్నిటికన్నా చివర. వీటిలో ఏ కొత్తది మొదలుపెట్టినా, మర్నాడు పొద్దున మళ్ళీ ఆ మొదటి పది అడుగులు చూడవలసిందే.